ఎడమకు లాగుతుంది

గూడూరులో సైదాపురం రోడ్డు మీద
దస్తగిరి షెడ్డు.
చైన్‌బ్లాకుకు వేలాడుతోంది
మా జీపు పాత ఇంజను.
తోట నుంచి మార్కెట్టు చేరేలోపే
ఒక బస్తా నిమ్మకాయల సొమ్ము తాగేసేది.
"కడసారి చూసుకో అక్కా" అన్నాడు.
చూసుకోడానికేముంది,
నల్లటి ఆయిలు చుక్కా చుక్కా
ఇసుక తట్టలోకి కారుతోంది.

మైకా కంపెనీ మూతపడ్డప్పుడు
వేలంలో మా నాయన పాడుకున్న బండి.
ఛాసిస్ తుప్పు గోకుతూ గోకుతూ
చాంద్‌బాషా ఉలిక్కిపడ్డాడు.
మడతల్లో, బోల్టు సందుల్లో
కాకిబంగారం!
ఎన్నేళ్ళనాటి గనిదుమ్మో
వాడి కనురెప్పల మీద కూడా తళతళ.
వాడు ఉఫ్‌మని ఊదేశాడు.
నేనొక చిటికెడు
రసీదు కాయితంలో మడిచి పెట్టుకున్నాను,
ఎందుకో.

డీజిలు ఇంజను నాయుడుపేట తుక్కుకొట్లో దొరికింది,
బోల్తాపడ్డ ఎవరి జీపుదో.
పిలవని చుట్టంలాగ
ఎక్కడ కూర్చోబెట్టినా మోచెయ్యి తగుల్తుంది.
ఫ్యాను రేడియేటరును కొరుకుతానంటుంది,
సంపు యాక్సిలు మీద కాలేస్తానంటుంది.
దస్తగిరి సుద్దముక్కతో నేల మీద గీస్తాడు,
చెప్పుతో తుడుస్తాడు, మళ్ళీ గీస్తాడు.
పాత మౌంటింగులు కోసేశాడు.
లేతు దగ్గర ఒక ప్లేటు తిప్పించుకొచ్చాడు,
గేరుబాక్సుకీ ఇంజనుకీ నడుమ
రెండు భాషలూ వచ్చిన మధ్యవర్తిలాంటి ప్లేటు.
"ఎంట్రుకవాసి తేడా వొచ్చినా
క్లచ్చు ఏడస్తాదక్కా."
ముందు స్ప్రింగులకు పట్టీలు పెంచాడు.
పదకొండు రోజులు.
ఆ పదకొండు రోజులూ కాయలు ఆటోలో పంపాను,
ధర పడిపోయింది, అది వేరే ఏడుపు.

పన్నెండో పొద్దున కూడా లేవలేదు.
పైపులో గాలి పట్టింది.
చాంద్‌బాషా చేతిపంపు కొడుతుంటే
నట్టు సందులోంచి నురగ, నురగ, నురగ,
ఆఖరికి డీజిలు.
ఒక్క దగ్గు.
షెడ్డంతా నల్లపొగ.
రేకుల మీది పావురాలు లేచిపోయాయి.
డబడబడబడబ
పక్క అద్దంలో నా మొహం నాలుగు మొహాలయింది.

తాళం తీశాను. ఆగలేదు.
తాళం నా చేతిలోనే ఉంది, ఇంజను నడుస్తూనే ఉంది.
దస్తగిరి నవ్వి
డాష్‌బోర్డు కింద నల్లపిడి చూపించాడు.
"ఇది పెట్రోలు కాదు గదక్కా,
చాలంటే వినదు. గొంతు పట్టుకోవాల."
లాగాను.
ఒళ్ళంతా ఒక్కసారి విదిలించి ఊరుకుంది.

పెంచలయ్యను పిలిపించింది నేనే.
గనిలో ఈ బండి తోలినవాడు.
తూటాల మోతకు చెవులు పోయి చాన్నాళ్ళయింది.
నడుస్తున్న బండి బానెట్టు మీద
అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.
తల అడ్డంగా ఊపాడు.
"ఇది అది కాదమ్మా.
అది పాలిచ్చే గొడ్డు మాదిరి నిలబడేది.
ఇది కుమ్మతా ఉండాది."

అయినా తోలమన్నాను.
చిల్లకంప మధ్య మట్టిదారి.
రెండో గేరు, మూడో గేరు,
కొత్తవాడితో మాట్లాడనట్టే ముఖం పెట్టుకుని తోలుతున్నాడు.
దారి తిన్నగా ఉన్నచోట
స్టీరింగు మీంచి రెండు చేతులూ తీసేశాడు.
నేను సీటు పట్టుకున్నాను.
బండి నెమ్మదిగా, తనకే తెలిసిన పని మీద పోతున్నట్టు
ఎడమకు తిరిగింది.

పళ్ళులేని నోటితో పెంచలయ్య నవ్వాడు.
"నాలుగో నంబరు గుంటలో పడేసింది నేనే దీన్ని.
ఆ పొద్దు నుంచీ ఎడమకే లాగతాది.
ఇదే. ఇదే బండి."

పాత ఇంజను షెడ్డు వెనకుంది.
దాని మీద కూర్చుని చాంద్‌బాషా అన్నం తింటాడు.

రవాణా ఆఫీసులో గుమస్తా అడిగాడు:
"ఇంజను నంబరు మారిందంటున్నారు,
మరి బండి పాతదేనా?"
ఎడమకు లాగుతుందని చెబితే
ఏ గడిలో రాసుకుంటాడు?
రసీదులన్నీ బల్ల మీద పెట్టాను.
ఒక మడత విప్పుకుని
చిటికెడు మెరుపు
ఆయన స్టాంపు ప్యాడు మీద రాలింది.
వేలితో తుడిచి, వేలు చూసుకుని,
రేపు రమ్మన్నాడు.